ఆ వంద డాలర్లు ఎవరి బాకీ

వాషింగ్టన్ రాష్ట్రంలో 2024 జనవరి నుంచి ఇల్లు కొన్నవాళ్ళ క్లోజింగ్ కాగితాల్లో, అంటే కొనుగోలు పూర్తయ్యేటప్పుడు సంతకాలు పెట్టే లెక్కల్లో, ఒక కొత్త పద్దు కనిపిస్తోంది. కౌంటీలో ఆస్తి పత్రాలు రికార్డు చేయించేటప్పుడు చాలా రకాల పత్రాల మీద వంద డాలర్లు అదనంగా తీసుకుంటున్నారు. ఆ డబ్బు ‘కవనెంట్ హోమ్‌ఓనర్‌షిప్’ అనే పథకానికి వెళ్తుంది. 2023లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసి పెట్టిన పథకం అది. ఒకప్పుడు ఈ రాష్ట్రంలో జాతి పేరు చెప్పి ఇల్లు కొనుక్కోనివ్వని కుటుంబాల వారసులు ఇప్పుడు మొదటి ఇల్లు కొనుక్కుంటుంటే, వాళ్ళ డౌన్‌పేమెంటుకి, క్లోజింగ్ ఖర్చులకి ఇందులోంచి వడ్డీ లేని అప్పు ఇస్తారు.

సియాటెల్ శివార్లలో, బెల్‌వ్యూ, సమామిష్, బోథెల్ వైపు మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో, వీకెండ్ పాట్‌లక్‌లలో దీని గురించి గొణుగుడు వింటూనే ఉన్నాను. “మనం రెండు సూట్‌కేసులతో దిగాం. మనకెవరిచ్చారు డౌన్‌పేమెంటు?” అని ఒకరు. “ఎప్పుడో వాళ్ళ తాతలకి జరిగినదానికి నేనెందుకు కట్టాలి? అప్పుడు నేనే కాదు, మా తాత కూడా ఇక్కడ లేడు కదన్నా” అని ఇంకొకరు. అడిగేవాళ్ళ మీద నాకు కోపం లేదు. వీసా టెన్షన్లు పడి, లేఆఫ్‌లు తట్టుకుని, పిల్లల్ని డేకేర్‌లో వదిలి ఇద్దరూ ఉద్యోగాలు చేసి ఇల్లు కొన్నవాళ్ళు వాళ్ళు. కానీ ఆ ప్రశ్నలకి జవాబుంది. తెలిసీ చెప్పకుండా ప్లేటు పట్టుకుని పక్కకి జరిగిపోవడం నాకు మనస్కరించడం లేదు. ఆ వంద డాలర్లు న్యాయమైనవి. నన్నడిగితే తక్కువ కూడా.

ముందు ఆ రెండు సూట్‌కేసుల సంగతి.

నేనూ అలాగే దిగాను. కానీ ఆ సూట్‌కేసులు విమానం ఎక్కే ముందు మా నాన్న ఒంగోల్లో బ్యాంకు చుట్టూ తిరిగారు. ఎడ్యుకేషన్ లోను ఏడున్నర లక్షలు దాటితే ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా ఆస్తి తాకట్టు అడుగుతాయి. ఇంటి ఒరిజినల్ దస్తావేజు, అంతకుముందు స్థలం ఎవరెవరి చేతులు మారిందో చూపించే లింకు డాక్యుమెంట్లు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ, ఇంటి పన్ను రసీదులు, మున్సిపాలిటీ అప్రూవ్ చేసిన ప్లాను, ఇంజినీరు ఇచ్చిన వాల్యుయేషన్, వీటన్నిటి మీద బ్యాంకు లాయరు లీగల్ ఒపీనియన్. ఒక లింకు డాక్యుమెంట్లో మా తాతగారి ఇంటిపేరు తప్పు పడిందని లాయరు పేచీ పెడితే నాన్న మళ్ళీ నోటరీ దగ్గరికి పరుగెత్తారు. అన్నీ కుదిరాక మేనేజరు సంతకం పెట్టాడు. నా చదువుకి నిజంగా పూచీ పడింది నాన్న కట్టిన ఆ నాలుగు గదుల డాబా.

మనలో చాలామంది కథ ఇదే. తాకట్టు పెట్టకపోతే అమ్మారు. మియాపూర్ దగ్గర ప్లాటు, గన్నవరం దగ్గర ఎకరం, అమ్మకి పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద ఇచ్చిన అరెకరం. ఇల్లంటే తల దాచుకునే చోటే కాదు, పిల్లల చదువుకి, ఆడపిల్ల పెళ్ళికి, గుండె ఆపరేషనుకి వెనకాల నిలబడే ఆస్తి అని మనకి ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే ఈ విషయం అందరికంటే ముందు మనకే అర్థం కావాలని నా పట్టు. అమెరికాలో నల్లవాళ్ళకి కొన్ని తరాల పాటు చట్టం అందకుండా చేసింది సరిగ్గా ఆ దస్తావేజునే. మా నాన్న బ్యాంకు టేబుల్ మీద పెట్టిన కాగితం లాంటిది వాళ్ళ నాన్నల దగ్గర లేకుండా చేశారు. పని చేయక కాదు, పొదుపు తెలియక కాదు. డబ్బు చేతిలో పట్టుకుని వెళ్ళినా అమ్మలేదు, అప్పు ఇవ్వలేదు.

సియాటెల్ చుట్టుపక్కల పాత ఇల్లు కొన్నవాళ్ళు, ఇంటి హక్కు పత్రాలు పరిశీలించి ఇన్సూరెన్స్ ఇచ్చే టైటిల్ కంపెనీ పంపిన రిపోర్టు ఒకసారి తీసి చూడండి. ఇన్సూరెన్స్ వర్తించని అంశాలు రాసే చోట, ఫలానా నంబరుతో రికార్డయిన నిబంధనలు ఈ స్థలానికి వర్తిస్తాయి అంటూనే, జాతి, రంగు, మతం ఆధారంగా ఏమైనా ఉంటే వాటిని మినహాయించి, అని ఒక ముక్క కలిపి ఉంటుంది. సంతకాల హడావిడిలో దాన్నెవరూ చదవరు. మా రిపోర్టులో అది చూసి, ఆ నంబరు పట్టుకుని కౌంటీ రికార్డుల్లోంచి అసలు పత్రం తీయించాను. టైపు మిషన్ మీద కొట్టిన కాగితానికి స్కాన్ కాపీ. ఇంటి ముందు ఎన్ని అడుగులు వదలాలి, గరాజు ఎక్కడ కట్టుకోవాలి, కోళ్ళూ పందులూ పెంచకూడదు, చెత్త పారబోయకూడదు. ఆ వరసలోనే, అదే మామూలు భాషలో, తెల్లజాతి కానివాళ్ళెవరూ ఈ స్థలం కొనకూడదు, ఇందులో కాపురం ఉండకూడదు అని ఉంది. ఒక్క మినహాయింపు ఇచ్చారు: తెల్లవాళ్ళ ఇంట్లో పనిచేసే నౌకరైతే ఉండొచ్చు. ఇలాంటి నిబంధననే ‘కవనెంట్’ అంటారు, ఆ పథకం పేరు అక్కడిదే. ఇప్పుడు ఆ స్థలంలో వేసవికి మా అమ్మ వచ్చి గోంగూర వేస్తుంది.

ఇది ఎక్కడో మారుమూల ఒక దురాశాపరుడు రాయించుకున్న మాట కాదు. బోయింగ్ విమానాల కంపెనీ పెట్టిన విలియం బోయింగ్, ఆయన భార్య బెర్తా సియాటెల్‌కి ఉత్తరాన ఇనిస్ ఆర్డెన్ అనే కాలనీ వేసి 1941లో రాయించిన పత్రంలోనూ ఇదే నిబంధన ఉంది, నౌకరు మినహాయింపుతో సహా. ఇలాంటివి ఈ రాష్ట్రంలో వేల ఇళ్ళకి ఉన్నాయని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాత రికార్డులు తిరగేసి తేల్చారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంవాళ్ళు మినియాపొలిస్‌లో ఇదే పని చేస్తే అక్కడా వేలు బయటపడ్డాయి. నగరాలు జాతిని బట్టి వీధులు పంచుతూ చట్టాలు చేయకూడదని 1917లో సుప్రీంకోర్టు అంది. దాంతో అదే పని ప్రైవేటు ఒప్పందాల్లోకి మారింది. ప్రైవేటు మనుషులు వాళ్ళలో వాళ్ళు రాసుకుంటే మాకు అభ్యంతరం లేదని 1926లో అదే కోర్టు దారి వదిలింది.

ఆ దారి మూయడానికి ఇంకో ఇరవై రెండేళ్ళు పట్టింది. సెయింట్ లూయిస్‌లో షెల్లీ అనే నల్లజాతి కుటుంబం 1945లో లబాడీ ఎవెన్యూలో ఇల్లు కొనుక్కుంది. ఆ వీధిలో 1911లోనే యాభై ఏళ్ళకి సరిపడా ఒప్పందం రాసుకున్నారు, నీగ్రోలకీ మంగోలు జాతివాళ్ళకీ అమ్మకూడదని. పొరుగువాళ్ళు కోర్టుకెక్కారు. 1948లో సుప్రీంకోర్టు, ఇలాంటి ఒప్పందాలని కోర్టులు అమలు చేయకూడదని తీర్పిచ్చింది. తొమ్మిది మంది జడ్జిల్లో ముగ్గురు ఆ కేసు వినకుండా తప్పుకున్నారు. కారణం వాళ్ళు చెప్పలేదు. వాళ్ళ సొంత ఇళ్ళకీ అలాంటి నిబంధనలున్నాయి కాబట్టే అని చరిత్రకారులు చాలామంది అనుకుంటారు. తీర్పు కూడా సగమే. ఒప్పందం రాసుకోవడం నేరం కాలేదు, అమలుకి కోర్టుకి రాకూడదన్నారంతే.

ఇప్పుడు అసలు చోటికొద్దాం. మన వాళ్ళు “అది అప్పటి మనుషుల మనస్తత్వం, ప్రభుత్వం ఏం చేస్తుంది?” అంటారు. ప్రభుత్వమే చేసింది.

1930లకి ముందు అమెరికాలో ఇంటి అప్పు ఇప్పటిలా ఉండేది కాదు. సగం దాకా ముందే కట్టాలి, మిగతాది ఐదు నుంచి పదేళ్ళలో తీర్చాలి. అసలు సొమ్ము చాలావరకు చివర్లో ఒకేసారి మీద పడేది. మహా మాంద్యంలో ఆ పద్ధతి కుప్పకూలింది. 1934లో ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్, అదే ఎఫ్‌హెచ్‌ఏ, వచ్చింది. బ్యాంకు ఇచ్చే అప్పుకి ప్రభుత్వం పూచీ పడుతుంది. అందుకని బ్యాంకు తక్కువ డౌన్‌పేమెంటుకి, ఇరవై ఏళ్ళకీ, తర్వాత ముప్ఫై ఏళ్ళకీ అప్పిస్తుంది. ఫ్యాక్టరీ కార్మికుడు కూడా ఇంటివాడయ్యింది అలా. మనం ఈరోజు తీసుకునే ముప్ఫై ఏళ్ళ ఫిక్స్‌డ్ మార్ట్‌గేజ్ ఆ చెట్టు కాయే.

ఆ పూచీ ఎవరికి? ఎఫ్‌హెచ్‌ఏ తన ఉద్యోగులకిచ్చిన మాన్యువల్‌లో రాసుకుంది: ఒక పేటకి విలువ నిలవాలంటే అక్కడ ఒకే సామాజిక, జాతి వర్గాలవాళ్ళు ఉండాలి. జాతి నిబంధనలు దస్తావేజుల్లో ఉంటే మంచిదని సిఫారసు కూడా చేసింది. అంటే నా టైటిల్ రిపోర్టులో దొరికిన ఆ వాక్యం ఎవరో డెవలపరు ద్వేషంతో మాత్రమే రాయించింది కాకపోవచ్చు. ప్రభుత్వ పూచీ రావాలంటే అది దస్తావేజులో ఉండటం లాభం కాబట్టి రాయించి ఉండొచ్చు. డెట్రాయిట్‌లో 1941లో ఒక బిల్డరు, నల్లవాళ్ళుండే పేట పక్కన తెల్లవాళ్ళకి ఇళ్ళు కడతానంటే ఎఫ్‌హెచ్‌ఏ ఒప్పుకోలేదు. మధ్యలో అర మైలు పొడవున ఆరడుగుల గోడ కట్టాక ఒప్పుకుంది. ఆ గోడ ఇంకా ఉంది. దాని మీద ఇప్పుడు రంగురంగుల బొమ్మలు వేశారు.

రెడ్‌లైనింగ్, అంటే జాతిని బట్టి కొన్ని పేటలకి ఇంటి అప్పులు అందకుండా చేయడం, అనగానే అందరూ చూపించే రంగుల మ్యాపులు ఇంకో సంస్థవి, హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్‌వి. 1930ల రెండో సగంలో రెండు వందలకు పైగా నగరాలకి గీశారు. ఆకుపచ్చ మంచిది, నీలం ఫర్వాలేదు, పసుపు దిగజారుతోంది, ఎరుపు ప్రమాదకరం. నల్లవాళ్ళుండే పేటలకి దాదాపు అన్నిచోట్లా ఎరుపే. సియాటెల్ మ్యాపులో సెంట్రల్ డిస్ట్రిక్ట్ ఎర్రగా ఉంటుంది. మ్యాపులు చూడటానికి బాగుంటాయి కాబట్టి పేరు వాటికొచ్చింది గానీ, నా అభిప్రాయంలో ఎక్కువ నష్టం చేసింది ఎఫ్‌హెచ్‌ఏ మాన్యువలే. బొమ్మల్లేని పుస్తకం, గుమాస్తాల చేతిలో ఉండేది.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తుండగానే, 1944లో, జీఐ బిల్ వచ్చింది. యుద్ధంలో పనిచేసినవాళ్ళకి ప్రభుత్వ పూచీతో ఇంటి అప్పు. కాగితం మీద జాతి ప్రస్తావన లేదు. అప్పిచ్చేది మాత్రం ఊళ్ళో బ్యాంకు. 1947లో మిసిసిపీ నగరాల్లో సర్వే చేస్తే, ఆ పూచీతో ఇల్లు, వ్యాపారం, పొలం కోసం ఇచ్చిన 3,200కు పైగా అప్పుల్లో నల్లజాతి సైనికులకి దక్కినవి రెండు. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో అదే సంవత్సరం లెవిట్‌టౌన్ మొదలైంది. పదిహేడు వేలకు పైగా ఇళ్ళు, సైనికులకి డౌన్‌పేమెంటు లేకుండా. 1949లో ఒక ఇల్లు 7,990 డాలర్లు. మొదట్లో ఇళ్ళు అద్దెకిచ్చినప్పటి పత్రాల్లో 25వ నిబంధన, తెల్లజాతివాళ్ళు తప్ప ఇంకెవరూ ఉండకూడదని. ఇప్పుడు ఆ ఇళ్ళు ఐదు లక్షల డాలర్ల పైమాటే. ఆ పెరుగుదల మీద పిల్లలు కాలేజీలకెళ్ళారు, మనవళ్ళు వ్యాపారాలు పెట్టారు. ఆ తలుపు దగ్గర వెనక్కి పంపిన సైనికుడి మనవడు స్టూడెంట్ లోను తీసుకున్నాడు.

బ్యాంకు అప్పివ్వకపోతే మనిషి ఏం చేస్తాడు? మన ఊళ్ళో ఏం చేస్తాడో షికాగోలోనూ అదే చేశాడు, ప్రైవేటు అప్పుకి వెళ్ళాడు. క్లైడ్ రాస్ అని ఒకాయన మిసిసిపీలో పుట్టాడు. తండ్రి భూమిని పన్ను బాకీ పేరుతో అధికారులు లాగేసుకున్నారు. సైన్యంలో పనిచేసి, షికాగో వచ్చి ఉద్యోగం చూసుకుని, 1961లో నార్త్ లాన్‌డేల్ పేటలో ఇల్లు కొన్నాడు, 27,500 డాలర్లకి. అమ్మినవాడు అంతకు ఆరు నెలల ముందే దాన్ని 12,000కి కొన్నాడు. పైగా అది మార్ట్‌గేజ్ కాదు, ‘కాంట్రాక్టు’. చివరి వాయిదా కట్టేదాకా ఇల్లు అమ్మినవాడి పేరునే ఉంటుంది. రిపేర్లు, పన్నులు, ఇన్సూరెన్స్ మాత్రం కొన్నవాడివి. ఒక్క నెల తప్పితే ఖాళీ చేయించి, కట్టినదంతా మింగి, ఇంకో కుటుంబానికి అదే ఇల్లు మళ్ళీ అమ్ముతారు. 1950లు, 60లలో షికాగోలో నల్లవాళ్ళు కొన్న ఇళ్ళలో అత్యధికం ఇలాంటి కాంట్రాక్టులే. ఆ మనుషులు రెండు ఉద్యోగాలు చేశారు, నిద్ర మానుకున్నారు, బాకీ తీర్చారు. కష్టపడితే పైకొస్తారన్న మాటని వాళ్ళ ముందు నిలబడి అనగలమా? 1968లో క్లైడ్ రాస్ లాంటివాళ్ళు కలిసి కాంట్రాక్ట్ బయ్యర్స్ లీగ్ పెట్టి, వాయిదాలు ఆపేసి పోరాడారు.

కొనగలిగినవాళ్ళు ప్రాణాలకి తెగించి కొన్నారు. డెట్రాయిట్‌లో ఓసియన్ స్వీట్ అనే నల్లజాతి డాక్టరు 1925లో గార్లండ్ వీధిలో ఇల్లు కొని దిగితే మరునాడే వందల మంది చుట్టుముట్టి రాళ్ళు వేశారు. 1957లో పెన్సిల్వేనియా లెవిట్‌టౌన్‌లో నల్లజాతి మైయర్స్ దంపతులు దిగితే రోజుల తరబడి గుంపులు. ఇవి దూరపు ఊళ్ళు అనుకుంటే, సియాటెల్ సంగతే చూడండి. జాతిని బట్టి ఇల్లు అమ్మను, అద్దెకివ్వను అనకూడదని 1964లో ఇక్కడ ఓటింగ్ పెడితే, ఒప్పుకున్నవాళ్ళకి రెట్టింపు పైగా వద్దన్నారు. అదీ ఉదారవాదులని పేరున్న ఊరు. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేశారు. వారం తిరక్కుండా దేశానికి ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది, ఇంకో వారానికి సియాటెల్ కౌన్సిల్ తన చట్టం చేసింది. ఆ బిల్లుని ముందుకు నడిపింది శామ్ స్మిత్, ఆ కౌన్సిల్‌కి ఎన్నికైన మొదటి నల్లజాతి సభ్యుడు. నల్లజాతి కుటుంబాలకి సబర్బుల్లో ఇళ్ళు ఇప్పించడానికి ఏళ్ళ తరబడి పనిచేసిన సియాటెల్ అర్బన్ లీగ్ నాయకుడు ఎడ్విన్ ప్రాట్‌ని 1969 జనవరిలో షోర్‌లైన్‌లో ఆయన ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపారు. ఆయనకప్పుడు 38 ఏళ్ళు. ఆ కేసులో ఇప్పటికీ ఎవరికీ శిక్ష పడలేదు. ఈ షోర్‌లైన్‌లోనే ఇనిస్ ఆర్డెన్ ఉంది. ఈ షోర్‌లైన్‌లోనే మన తెలుగు కుటుంబాలున్నాయి.

ఇక “మా తాత అప్పుడు ఇక్కడ లేడు కదా” అన్న ప్రశ్న. తాత ఎందుకు లేడో అదే కథలో ఉంది.

1907 సెప్టెంబరులో ఇదే రాష్ట్రంలో, బెల్లింగ్‌హామ్‌లో, కలప మిల్లుల్లో పనిచేసే మన దేశస్థుల మీద వందల మంది తెల్లవాళ్ళు దాడి చేసి, ఇళ్ళలోంచి ఈడ్చి, ఊరు దాటించారు. దాదాపు అందరూ పంజాబీ సిక్కులు, పత్రికలు మాత్రం అందరినీ హిందువులనే రాశాయి. కొద్ది రోజుల్లో ఊళ్ళో ఒక్క భారతీయుడు మిగల్లేదు. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు భూమి కొనకూడదని కాలిఫోర్నియా 1913లో, వాషింగ్టన్ 1921లో చట్టాలు చేశాయి. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవాళ్ళు కారు, పౌరులు కాలేరు అని సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికే పౌరసత్వం వచ్చినవాళ్ళ నుంచి కూడా వెనక్కి లాక్కున్నారు.

వైష్ణో దాస్ బగాయ్ పెషావర్ నుంచి 1915లో భార్య కళ, ముగ్గురు కొడుకులతో శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చాడు. బర్క్లీలో ఇల్లు కొన్నాడు. సామాను బండితో వెళ్ళేసరికి పొరుగువాళ్ళు ఇంటికి తాళాలు వేసి లోపలికి పోనివ్వలేదు. పిల్లలకి ఏమవుతుందోనని వాళ్ళు ఆ ఇల్లే వదిలేశారు. థింద్ తీర్పు తర్వాత పౌరసత్వం పోయింది, దాంతో ఆస్తి హక్కూ పోయింది, పుట్టిన దేశం చూసి రావడానికి అమెరికా పాస్‌పోర్టు కూడా ఇవ్వలేదు. 1928లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. ఈ దేశాన్ని ఇల్లు చేసుకుందామని వచ్చానని, ఇప్పుడు సొంత ఇల్లు కొనుక్కోవడానికి కూడా ఒప్పుకోవడం లేదని పత్రికకి ఉత్తరం రాసి మరీ. చాలా ఏళ్ళ తర్వాత బర్క్లీ నగరం ఒక వీధికి కళా బగాయ్ పేరు పెట్టింది. ఆ కొడుకుల తరం వాళ్ళే మన అమెరికా తాతలు, మనకి చుట్టరికం లేకపోయినా.

1952 నాటికీ ఎలా ఉండేదో ఒక్క ఉదాహరణ చెప్తాను. సౌత్ శాన్‌ఫ్రాన్సిస్కోలో సౌత్‌వుడ్ అనే కాలనీలో ఇల్లు కొన్న సింగ్ షెంగ్ అనే చైనా దేశస్థుడు, పొరుగువాళ్ళకి అభ్యంతరం ఉందని తెలిసి, వాళ్ళనే ఓటు వేయమన్నాడు. ప్రజాస్వామ్యం మీద నమ్మకంతో. 174 మంది వద్దన్నారు, 28 మంది రమ్మన్నారు. విదేశీయులు భూమి కొనకూడదన్న ఆ 1921 చట్టం వాషింగ్టన్‌లో రద్దయింది 1966లో.

దేశాన్ని బట్టి కోటాలు తీసేసిన 1965 ఇమ్మిగ్రేషన్ చట్టం పౌరహక్కుల ఉద్యమం వేడిలోనే వచ్చింది. ఇల్లు అమ్మేవాడు నీ రంగు చూసి కాదనకూడదన్న 1968 చట్టం, ఆ ఉద్యమ నాయకుడి చావు తర్వాత వచ్చింది. మన డాక్టర్లు, ఇంజినీర్లు 1970లలో దిగి సబర్బుల్లో ఇళ్ళు కొనగలిగింది ఆ రెండు చట్టాల వల్ల. మనం కట్టని ధర ఇంకెవరో కట్టారు. అందుకే మనం అప్పుడు లేకపోయినా ఈ లెక్కలో ఉన్నామంటున్నాను.

నష్టం ఎప్పుడో అయిపోయిందా? 1960లో తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ సొంత ఇళ్ళ శాతంలో తేడా ఇంచుమించు 27 పాయింట్లు. ఇప్పుడు తెల్లవాళ్ళలో నూటికి 74 కుటుంబాలకి సొంత ఇల్లుంది, నల్లవాళ్ళలో 45కి. తేడా తగ్గలేదు. 2022 ఫెడరల్ రిజర్వ్ సర్వేలో మధ్యస్థ తెల్లజాతి కుటుంబం ఆస్తి సుమారు 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానిది 45,000. చదువుకుంటే సరిపోతుందంటారా? కాలేజీ డిగ్రీ ఉన్న నల్లవాళ్ళలో సొంత ఇళ్ళ శాతం, హైస్కూల్ పూర్తిచేయని తెల్లవాళ్ళ కన్నా తక్కువని అర్బన్ ఇన్‌స్టిట్యూట్ లెక్క తీసింది. డిగ్రీ జీతం తెస్తుంది. డౌన్‌పేమెంటు అమ్మానాన్నల ఇంట్లోంచి వస్తుంది. ఇది మనకి తెలియని సంగతా?

చట్టం వచ్చాక ఆట కొత్త రూపాల్లో సాగింది. 2008కి ముందు మంచి క్రెడిట్ ఉన్న నల్లజాతి, హిస్పానిక్ కుటుంబాలని కూడా ఎక్కువ వడ్డీ సబ్‌ప్రైమ్ అప్పుల్లోకి తోశారన్న కేసుల్లో, ఇంటి అప్పులిచ్చే కంట్రీవైడ్ 2011లో 33.5 కోట్ల డాలర్లకి, వెల్స్ ఫార్గో 2012లో 17.5 కోట్లకి రాజీకొచ్చాయి. ఆ అప్పులు మునిగాక పోయినవి తరతరాలుగా కూడబెట్టిన ఇళ్ళు. 2020లో కాలిఫోర్నియా మరీన్ సిటీలో ఒక నల్లజాతి జంట ఇంటికి అప్రైజర్ 9,95,000 డాలర్ల విలువ కట్టారు. వాళ్ళు గోడల మీద ఫోటోలు తీసేసి, తెల్లజాతి స్నేహితురాలిని యజమానిగా నిలబెట్టి ఇంకొకరిని పిలిస్తే 14,82,500 వచ్చింది. అదే ఇల్లు, అదే సంవత్సరం.

మనమూ ఇందులో ఒక చెయ్యి వేస్తున్నామని నాకు బాధ. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇల్లెక్కడ కొనాలో చెప్పేటప్పుడు “అటు వద్దు, ఆ ఏరియా మంచిది కాదు” అని సియాటెల్‌కి దక్షిణాన నల్లవాళ్ళు కూడా బాగానే ఉండే కెంట్ వైపు, స్కైవే వైపు ఒక్క మాటలో కొట్టిపారేస్తాం. స్కూలు రేటింగ్ నంబరు చూస్తాం గానీ ఆ స్కూల్లో ఒక్క రోజు కూర్చున్నవాళ్ళు మనలో ఎందరు? అదే సమయంలో, ఒకప్పుడు నల్లవాళ్ళని కట్టిపడేసిన సెంట్రల్ డిస్ట్రిక్ట్ డౌన్‌టౌన్‌కి దగ్గరని ధరలు పెరిగి, 1970లలో నూటికి డెబ్బై పైగా ఉన్న నల్లజాతి జనాభా ఇప్పుడు ఇరవైకి లోపే. ఉండమన్న చోట ఉండనివ్వలేదు, పోతామన్న చోటికి పోనివ్వలేదు.

ఒంగోల్లో మా నాన్నకి తాకట్టు పెట్టడానికి కాగితం ఉందని చెప్పాను. మా అమ్మమ్మ వాళ్ళ పల్లెలో ఊరికి అవతల వాడలో పుట్టినవాళ్ళకి అలాంటి కాగితం ఎన్ని తరాల తర్వాత వచ్చింది, ఎంతమందికి వచ్చింది? హైదరాబాద్‌లో ఈరోజు అద్దెకి వెళ్తే “మీరేమిట్లండీ?” అని అడిగాక గేటు మూసే ఇళ్ళు ఎన్ని లేవు? అమెరికా సంగతి వేరే, మన సంగతి వేరే, రెండింటినీ కలిపేయను. కానీ ఇంటి పత్రం ఎవరి పేరున రాయాలో పుట్టుక తేల్చే ఏర్పాటు ఎలా ఉంటుందో మనకి పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు.

పథకం చిన్నది, దానికి హద్దులున్నాయి. రాష్ట్ర హౌసింగ్ ఫైనాన్స్ కమిషన్ దీన్ని నడుపుతోంది. మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళయ్యుండాలి, ఆదాయానికి పరిమితి ఉంది, 1968 ఏప్రిల్‌కి ముందు తామో, తల్లిదండ్రులో, తాతలో, ముత్తాతలో వాషింగ్టన్‌లో ఉండి ఉండాలి. నల్లవాళ్ళతో పాటు హిస్పానిక్కులు, ఆదివాసులు, పసిఫిక్ ద్వీపాలవాళ్ళు, కొరియన్లు, మన భారతీయులు కూడా జాబితాలో ఉన్నారు. 1968 షరతు వల్ల మనలో దాదాపు ఎవరికీ రాదు, పాత పంజాబీ కుటుంబాలకేమైనా రావచ్చు. ఇచ్చేది అప్పు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి మాత్రం ఐదేళ్ళ తర్వాత మాఫీ చేసేలా 2025లో చట్టం మార్చారు. మిగతావాళ్ళు ఇల్లు అమ్మినప్పుడు డబ్బు తిరిగి పథకానికి చేరి ఇంకో కుటుంబానికి అందేలా పెట్టారు. ఇళ్ళ ధరలు ఇలా ఉన్న ఊళ్ళో ఇది అందేది కొద్దిమందికే, అదే నా ఫిర్యాదు. వంద కాదు రెండు వందలన్నా నేను అనుకూలంగానే ఓటు వేస్తాను.

ఇంటి దస్తావేజులో అలాంటి జాతి నిబంధన ఉన్నవాళ్ళు అది చెల్లదని ప్రకటిస్తూ కౌంటీలో ఒక పత్రం రికార్డు చేయించవచ్చు, దానికి ఫీజు లేదు. నేను చేయించాను. పాత మాట చెరిగిపోదు, దాని పక్కన కొత్త మాట చేరుతుంది. అది కూడా మంచిదే, పిల్లలకి చూపించాలంటే రెండూ ఉండాలి.

ఆఖరుగా మనవాళ్ళలో రియల్టర్లకి, లోన్ ఆఫీసర్లకి ఒక మనవి. ఈ చుట్టుపక్కల మీరు చాలామందే ఉన్నారు, మీ క్లయింట్లందరూ తెలుగువాళ్ళే కారు. మీ దగ్గరికొచ్చిన కుటుంబం పాతకాలం నుంచి ఈ రాష్ట్రంలో ఉన్నదైతే వాళ్ళు అడక్కముందే ఈ లోను సంగతి చెప్పండి. తాతలు 1968కి ముందు ఇక్కడున్నారని రుజువు చూపాలి. పాత స్కూలు రికార్డు, జనన ధ్రువపత్రం, సెన్సస్ కాగితం, ఏదో ఒకటి వెతికి పట్టుకోవాలి, దానికి టైం పడుతుంది. ఆఫర్ వేశాక మొదలుపెడితే ఆ కాగితం చేతికొచ్చేలోపు ఇల్లు ఇంకొకరికి వెళ్ళిపోతుంది.